రాయల్ నేషనల్ పార్క్ కోస్ట్ ట్రాక్‌లో 18 మందితో ఒక్కరోజు నడక: ఎంత దూరం, ఎలా

ప్రశ్న ఇది: అక్టోబర్‌లో ఒక శనివారం, సిడ్నీలోని తెలుగు కుటుంబాలు 18 మంది కలిసి, నగరానికి దక్షిణాన సముద్రం ఒడ్డునే సాగే కోస్ట్ ట్రాక్ మొత్తం, బుండీనా నుంచి ఆట్‌ఫర్డ్ దాకా ఒకే రోజులో నడవాలనుకుంటున్నారు. వారిలో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు నలుగురు, 7 నుంచి 12 ఏళ్ల పిల్లలు ఐదుగురు. వెడ్డింగ్ కేక్ రాక్ (కొండచరియ అంచున ఉన్న తెల్లటి బండ) మీద ఫోటో దిగడం, ఫిగర్ ఎయిట్ పూల్స్‌లో (ఒడ్డున రాతి పలకమీది నీటి గుంటలు) దిగడం కుదురుతుందా, ఏమేం తీసుకెళ్లాలి అని అడిగారు.

ముందు దూరం సంగతి. ట్రాక్ మొత్తం 26 కిలోమీటర్లు. కాళ్లలో బలమున్న పెద్దవాళ్లు ఇద్దరు ముగ్గురైతే తెల్లవారి మొదలుపెట్టి సాయంత్రానికి చేరతారు. మీ గుంపు సంగతి వేరు. పిల్లలతో 18 మంది ఇలాంటి దారిలో గంటకు రెండున్నర కిలోమీటర్లకు మించి సాగరు. ఒకరికి లేసు ఊడుతుంది, ఒకరికి దాహం, ఇంకొకరికి ఫోటో, 18 మంది కలిసి ఆగిన ప్రతిసారీ పది నిమిషాలు పోతాయి. 26 కిలోమీటర్లకు నడకే పదిన్నర గంటలు, ఆగేది ఇంకో రెండు గంటలు. ఉదయం 9:15కి బుండీనాలో బయల్దేరితే ఆట్‌ఫర్డ్ చేరేసరికి రాత్రి పదవుతుంది. అక్టోబర్‌లో ఏడు దాటితే చీకటే. పైగా ఆట్‌ఫర్డ్ వైపున పామ్ జంగిల్, ఆ తర్వాత నిలువెత్తు ఎక్కుడు, అంటే అలసిన కాళ్లకు చివర్లోనే అన్నిటికంటే కష్టమైన భాగం. ఈ ఆలోచన మానేయండి.

మధ్యలో ఎవరికైనా ఇబ్బందొస్తే బయటపడే దారులు తక్కువన్నది ఇంకో కారణం. కారు వచ్చేది వాటమోల్లా, గేరీ బీచ్, దక్షిణాన గారవారా ఫార్మ్ దగ్గర మాత్రమే. వాటమోల్లా బుండీనాకు సుమారు 10 కిలోమీటర్లు. గేరీ అక్కణ్నుంచి ఇంకో ఆరేడు. ఈ చోట్ల మధ్య మోకాలు పట్టేస్తే ముందుకో వెనక్కో నడవాల్సిందే, ఆటో పిలవడానికి అక్కడ రోడ్డుండదు. దీనికి మినహాయింపు మార్లీ బీచ్. అక్కణ్నుంచి బుండీనా డ్రైవ్ రోడ్డుకు అడ్డంగా వెళ్లే దారి ఒకటుంది. అదీ నడిచే వెళ్లాలి.

మీకు సరిపడేది బుండీనా జెట్టీ నుంచి లిటిల్ మార్లీ బీచ్ దాకా వెళ్లి వెనక్కి రావడం. రానూ పోనూ దాదాపు 12 కిలోమీటర్లు. కోస్ట్ ట్రాక్‌లో చూడవలసినవి సగం ఈ ముక్కలోనే ఉన్నాయి: తెల్లటి ఇసుకరాతి కొండచరియలు, అక్టోబర్‌లో పూతమీదున్న పొదలు, దూరంగా నీళ్లు చిమ్మే హంప్‌బ్యాక్ తిమింగలాలు. ఇక్కడి చలికాలంలో (జూన్ నుంచి ఆగస్టు) ఉత్తరానికి పోయిన తిమింగలాలు అక్టోబర్ ప్రాంతంలో పిల్లలతో దక్షిణానికి తిరిగొస్తుంటాయి. వెళ్లిన దారినే రావడంలో పెద్ద లాభముంది. ఎవరు ఎప్పుడు అలిసినా అక్కడే వెనక్కి తిరగొచ్చు, రోజు పాడవదు.

వాటమోల్లా దాకా నడిచి కార్లలో వెనక్కొద్దామనే ఆలోచన చాలామందికి వస్తుంది. 18 మందికి నాలుగు కార్లు కావాలి, వాటిని ముందుగా వాటమోల్లాలో పెట్టాలి, పెట్టినవాళ్లు మళ్లీ బుండీనా రావాలి. పొద్దున గంటన్నర దీనికే పోతుంది. వాటమోల్లా పార్కింగ్ ఎండ కాసే శనివారాల్లో పది గంటలకల్లా నిండిపోతుంటుంది. ప్రతి కారుకూ రోజుకు 12 డాలర్ల రుసుము. రైల్లో క్రొనుల్లా దాకా వచ్చి, అక్కణ్నుంచి బుండీనాకు పడవలో వెళ్లి పడవలో రావడమే హాయి.

నలుగురు పెద్దవాళ్లలో మోకాళ్ల నొప్పులున్నవారికి జిబ్బన్ లూప్ పెట్టండి. అదీ బుండీనాలోనే మొదలై అక్కడికే వచ్చే 5 కిలోమీటర్ల చుట్టు. జిబ్బన్ బీచ్, పోర్ట్ హ్యాకింగ్ ముఖద్వారం, ధరావల్ ప్రజలు రాతిమీద చెక్కిన బొమ్మలు, అన్నీ ఆ దారిలో కనిపిస్తాయి. అక్కడ ఇసుకలో నడిచేటప్పుడు పైన పొడి ఇసుక వదిలేసి, నీళ్ల అంచున తడిసి గట్టిపడిన ఇసుకలో నడిపించండి, మోకాళ్లమీద భారం చాలా తగ్గుతుంది. పడుచువాళ్లు ఇద్దరు వారితో ఉండాలి. వీళ్లు మధ్యాహ్నానికల్లా జెట్టీ పక్కనున్న హార్డర్న్స్ బీచ్‌కొచ్చి నీడలో కూర్చుంటారు, మార్లీ వెళ్లినవాళ్లు సాయంత్రం అక్కడే కలుస్తారు. పెద్దవాళ్లను వదిలేశారనే బాధ ఎవరికీ ఉండనక్కర్లేదు. రాతిబొమ్మలు చూసేది వాళ్లే, మార్లీకి వెళ్లేవాళ్లకు అవి కనబడవు.

రోజు లెక్క ఇలా వేసుకోండి. క్రొనుల్లా స్టేషన్ దిగితే అక్కడి జెట్టీ కొద్ది నిమిషాల నడక. వారాంతంలో 8:30 పడవ ఎక్కితే అరగంటలో బుండీనా. పడవలు దాదాపు గంటకొకటి. ముందురోజు సాయంత్రం టైమ్‌టేబుల్, ముఖ్యంగా తిరుగు పడవల్లో చివరిది, చూసుకుని కాగితం మీద రాసుకోండి. శనివారాల్లో రైలు పట్టాల పనులు పెట్టి బస్సులు నడుపుతుంటారు, అదీ చూడండి. వెస్ట్‌మీడ్, వెంట్‌వర్త్‌విల్ వైపు నుంచి వచ్చేవారు ఇంటి స్టేషన్ నుంచి క్రొనుల్లా జెట్టీ దాకా రెండు గంటలు పెట్టుకోవాలి. బుండీనాలో అందరూ మరుగుదొడ్డికి వెళ్లొచ్చాకే బయల్దేరాలి. ఆ తర్వాత మీ దారిలో మరుగుదొడ్డి లేదు, నీళ్ల కొళాయి లేదు, నీడ కూడా పెద్దగా లేదు.

9:15కి నడక మొదలైతే లిటిల్ మార్లీ చేరేసరికి పన్నెండు దాటుతుంది. ఇక్కడొక నియమం ముందే అందరికీ చెప్పి పెట్టండి: 12:30కి ఎక్కడుంటే అక్కడ ఆగి భోజనం, 1:15కి వెనుదిరగడం. ఇంకో పది నిమిషాల్లో బీచ్ కనబడుతుందన్నా సరే. అలా చేస్తే నాలుగు, నాలుగుంపావుకు జెట్టీలో ఉంటారు, అయిదు గంటల పడవకు తీరిగ్గా ఎక్కొచ్చు. నాలుగు గంటల పడవను గురి పెట్టుకోకండి. అది అందుకోవాలని చివరి రెండు కిలోమీటర్లు తొందరపడినప్పుడే చీలమండలు మడతపడతాయి.

దారి ఎలా ఉంటుందో చెప్తాను. జెట్టీ నుంచి ఊరి వీధుల్లో ఎత్తుకు సుమారు కిలోమీటరున్నర నడిస్తే బీచ్‌కూంబర్ అవెన్యూ చివర ట్రాక్ మొదలవుతుంది. మొదటి కిలోమీటర్లు తేలిక, చాలా చోట్ల నేలకు కొంచెం ఎత్తులో జాలీ పలకలు పరిచిన దారి. నడవడానికి బాగుంటుంది, కింద చిత్తడి నేల, మొక్కలు పాడవకుండా కూడా కాపాడుతుంది. అందుకని పక్కనుంచి దాటిపోయే వాళ్లకోసం గడ్డిలోకి దిగకండి, పలకమీదే ఒక వరుసగా ఆగి దారివ్వండి. జాలీ లేని చోట బోసి ఇసుకరాయి. దానిమీద ఇనుపరాతి చిన్న గుళ్లు చెల్లాచెదురుగా ఉంటాయి. అవి చెప్పుల కింద గోలీల్లా దొర్లుతాయి, వాలులో ఎక్కువగా పడేది వీటివల్లే. మార్లీ దగ్గరకొచ్చేసరికి దిగుడు, తర్వాత మెత్తటి ఇసుకలో బీచ్ పొడవునా నడక. అక్కడ వేగం సగానికి పడిపోతుంది. వానలు పడినప్పుడు బీచ్ వెనకున్న మడుగు తెగి సముద్రంలోకి పారుతుంటుంది, అప్పుడు పాదాలు తడవక తప్పదు, సాక్సులు మార్చుకోవడానికి ఒక జత ఉంచుకోండి.

ఎండ విషయంలో మనవాళ్లు ఒక పొరపాటు చేస్తారు. మన ఊళ్లో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తినో దక్షిణానో ఉంటాడు, ఇక్కడ ఉత్తరాన ఉంటాడు. వెళ్లేటప్పుడు దక్షిణానికి నడుస్తారు కాబట్టి ఎండ వీపున పడి తెలియదు, వచ్చేటప్పుడు నేరుగా ముఖాన కొడుతుంది. సముద్రపు గాలి చల్లగా ఉండి చర్మం కాలుతున్న సంగతి తెలియనివ్వదు. క్యాప్ కాదు, చుట్టూ అంచున్న టోపీ కావాలి. మెడ, చెవులు కాలేది క్యాప్ పెట్టుకున్నవాళ్లకే. సన్‌స్క్రీన్ 50 ప్లస్ బయల్దేరే ముందు రాసి, రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. మన రంగుకు అక్కర్లేదనే మాట ఇక్కడ చెల్లదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, గుంపును నడిపించడం. 18 మంది ఒకే వరుసలో నడిస్తే ముందువాళ్లకూ వెనకవాళ్లకూ మధ్య అరకిలోమీటరు తేడా వస్తుంది. జిబ్బన్‌కు ఆరుగురు వెళ్తే మార్లీకి పన్నెండు మంది మిగులుతారు. వారిని ఆరుగురు చొప్పున రెండు జట్లు చేయండి. ఒక్కో జట్టుకు ముందు ఒకరు, అందరికంటే చివర ఒకరు. చివర నడిచే మనిషిని జాగ్రత్తగా ఎంచుకోండి. ఓపిక, దారి తెలిసుండటం, ప్రథమ చికిత్స తెలిసుండటం ముందు నడిచేవారికంటే వీరికే ఎక్కువ కావాలి. చివరి మనిషిని ఎవరూ దాటి వెనకపడకూడదు. పొద చాటుకు వెళ్లాల్సొచ్చినా బ్యాగు దారి పక్కన కనబడేలా పెట్టి వెళ్లాలి, ఆ బ్యాగు దగ్గర చివరి మనిషి ఆగుతారు.

ప్రతి ఒక్కరికీ ఒక నంబరు ఇవ్వండి. ఆగిన ప్రతిచోటా ఒకటి నుంచి పిలుచుకుంటూ వెళ్తే పదిహేను సెకన్లలో లెక్క తేలుతుంది. తలలు లెక్కపెడితే పిల్లలు కదులుతూ ఉంటారు, లెక్క రెండుసార్లు తప్పుతుంది. పిల్లలకు ఈ నంబర్ల ఆట ఇష్టం కూడా. దారి చీలే ప్రతి చోటా ముందు జట్టు ఆగి తీరాలి, అందరూ వచ్చాకే కదలాలి. వాట్సాప్ లొకేషన్‌ను నమ్ముకోకండి, కొండచరియల వెనక సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది. ప్రతి జట్టుకూ ఒక ఈల ఉండాలి. మూడుసార్లు ఊదితే సాయం కావాలని అర్థం, పిల్లలకు ఆట కోసం ఇవ్వకండి.

విశ్రాంతి దగ్గర దాదాపు ప్రతి గుంపూ చేసే తప్పు ఒకటుంది. ముందువాళ్లు వచ్చి పది నిమిషాలు కూర్చుంటారు. అందరికంటే నెమ్మదైన మనిషి ఆయాసపడుతూ వచ్చేసరికి వాళ్లు లేచి బ్యాగులు తగిలిస్తారు. అంటే విశ్రాంతి అవసరమైన ఒక్కరికే విశ్రాంతి దొరకదు. రెండు మూడుసార్లు ఇలా జరిగితే ఆ మనిషి మధ్యాహ్నానికి కుప్పకూలతారు, నోరు తెరిచి చెప్పరు కూడా. అయిదు నిమిషాల లెక్క చివరి మనిషి కూర్చున్న క్షణం నుంచి మొదలవ్వాలి. నడక వేగం ఇబ్బందిగా ఉందనిపిస్తే నెమ్మదైనవారిని ముందు నడిచేవారి వెనకే, రెండో స్థానంలో పెట్టండి. గుంపు వేగం దానంతటదే కుదురుకుంటుంది.

నీళ్లు పెద్దవాళ్లకు మూడు లీటర్లు, పిల్లలకు లీటరున్నర నుంచి రెండు. దారిలో వాగుల నీళ్లు తాగకూడదు. ఒకే పెద్ద క్యాన్ ఒకరు మోయడం వద్దు, ఎవరి నీళ్లు వాళ్ల వీపునే ఉండాలి, జట్లు విడిపోయినప్పుడు క్యాన్ ఎప్పుడూ తప్పు జట్టులో ఉంటుంది. ఒక లీటరు సీసాలో ఉప్పు, పంచదార, నిమ్మరసం కలిపి పెట్టుకోండి. చెమట ఎక్కువ పోయి ఉత్త నీళ్లే తాగుతూ ఉంటే తలనొప్పి, వాంతి వస్తాయి. సగం నీళ్లయిపోయిన చోటే మీరు వెనుదిరగాల్సిన చోటు, గడియారం ఏం చెప్పినా.

తిండికి పులిహోరను మించింది లేదు. చింతపండు పులుపు, నూనె ఉండటంతో ఆరేడు గంటలు చెడదు, గిన్నెలు అక్కర్లేదు, ఉప్పు కూడా అందుతుంది. ఉల్లిపాయ, కొబ్బరి వెయ్యకండి, వేస్తే త్వరగా పాడవుతుంది. దద్దోజనం ఐస్ ప్యాక్ ఉంటేనే. బూరెలు, గారెలు దాహం పెంచుతాయి, వాటిని తిరుగు పడవకు దాచుకోండి. పిల్లలకు గంటకోసారి పల్లీ చిక్కీ, ఖర్జూరం లాంటివి పెడుతుంటే నడుస్తారు. దారిలో చెత్తబుట్టలుండవు, అరటి తొక్క, నారింజ తొక్కతో సహా అన్నీ సంచిలో వెనక్కి తేవాలి. స్టవ్ తీసుకెళ్లి టీ కాచుకుందామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, ఫ్లాస్కు చాలు.

బూట్లు అరిగిన అడుగులున్నవి వద్దు. శాండల్స్, స్లిప్పర్లు అసలే వద్దు. అమ్మలు చీరలో నడవగలమంటారు, జిబ్బన్ లూప్‌కైనా సల్వార్, సాక్సు, షూ వేయించండి. చీర అంచు పొదలకూ మెట్లకూ తగులుకుంటుంది, కాలు ఎక్కడ పడుతుందో కనబడనివ్వదు.

వెడ్డింగ్ కేక్ రాక్ గురించి సూటిగా చెప్తాను. దాని చుట్టూ కంచె ఉంది, లోపలికి వెళ్లకూడదు, వెళ్తే జరిమానా. 2015లో చేసిన పరిశీలనలో ఆ బండ అడుగున కోసుకుపోయి ఉందని, పదేళ్లలో సముద్రంలో పడిపోవచ్చని తేలింది. ఆ గడువు దాటింది కదా అని ధైర్యపడటానికి లేదు, అడుగున కోత ఆగలేదు. కంచె బయట నుంచే ఫోటో బాగా వస్తుంది. ఈ దారిలో ప్రతి కొండచరియ అంచూ ఇదే రకం మెత్తటి ఇసుకరాయి. పైకి గట్టిగా కనబడుతుంది, కింద ఖాళీ. అంచు నుంచి కనీసం మూడు మీటర్ల దూరంలో కూర్చోండి. ఫోటో తీసేటప్పుడు వెనక్కి అడుగులెయ్యకూడదని పిల్లలకే కాదు, పెద్దలకూ చెప్పాలి. బుండీనా, మార్లీ మధ్య 12 ఏళ్లలోపు పిల్లలు ప్రతి ఒక్కరికీ పేరు పెట్టి ఒక పెద్దను జతచేయండి. అందరూ చూస్తుంటారులే అనుకుంటే ఎవరూ చూడరు.

ఫిగర్ ఎయిట్ పూల్స్ మీ దారిలో లేవు, బర్నింగ్ పామ్స్ దాటి దక్షిణాన ఉంటాయి. ఉన్నా పిల్లలతో వెళ్లమని చెప్పను. ఆ గుంటలున్నది అలలు తాకే రాతి పలకమీద. సముద్రం చాలాసేపు నెమ్మదిగా ఉండి ఒక్కసారిగా పెద్ద అల పలక మొత్తం మీదికి వస్తుంది, మనుషులను రాళ్లమీద ఈడ్చుకుపోతుంది. ఎముకలు విరిగినవాళ్లు చాలామంది. పెద్దవాళ్లు ఎప్పుడైనా విడిగా వెళ్లాలనుకుంటే పార్కు వాళ్లు రోజువారీ ఇచ్చే అలల ప్రమాద సూచన చూసి, అది తక్కువ అని చెప్పిన రోజున, సముద్రం వెనక్కి తగ్గే పాటు సమయంలో మాత్రమే వెళ్లాలి.

ఈత కూడా ఈ రోజు వద్దు. మార్లీ బీచ్ చూడ్డానికి అందంగా ఉంటుంది, కానీ రిప్ కరెంట్లు (ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహాలు) బలంగా ఉంటాయి, లైఫ్‌గార్డులు ఉండరు. లిటిల్ మార్లీ కొంచెం నెమ్మది, అక్కడా కాపలా లేదు. రిప్‌ను గుర్తుపట్టడం నేర్చుకోండి. అలలు విరుగుతున్న వరుస మధ్యలో నురగ లేకుండా నల్లగా, ప్రశాంతంగా కనబడే సందు అది. దిగడానికి మంచి చోటనిపించేదీ అదే. విశాఖ ఆర్కే బీచ్‌లో మనుషుల్ని లోపలికి లాక్కుపోయేదీ ఇదే ప్రవాహం. మోకాలి లోతు కూడా వద్దు. చీలమండ దాకా, పెద్దవాళ్లు సముద్రం వైపు ముఖం పెట్టి పక్కనే నిలబడితే చాలు.

అక్టోబర్‌లో పాములు ఎండకు బయటికొస్తాయి. అడుగు వేసే చోటు చూసి వేస్తే చాలావరకు అవే తప్పుకుంటాయి. ప్రతి జట్టు దగ్గరా 10 నుంచి 15 సెంటీమీటర్ల వెడల్పున్న సాగే బ్యాండేజీలు రెండు ఉండాలి. కాటు పడితే ఆ మనిషిని అక్కడే కూర్చోబెట్టండి, ఒక్క అడుగు వేయనివ్వకండి. కాటుమీద బిగువుగా ఒక చుట్టు, తర్వాత రెండో బ్యాండేజీ కాలి వేళ్ల దగ్గర మొదలుపెట్టి తొడదాకా, బెణికిన కాలికి కట్టినంత బిగువున. కదలకుండా కర్ర కట్టండి. కాటు ఎక్కడుందో బ్యాండేజీమీద పెన్నుతో గుర్తు పెట్టండి. కడగకండి, చర్మంమీది విషం బట్టే ఆస్పత్రిలో ఏ పామో తేలుస్తారు. తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం పూర్తిగా తప్పు. ఇక్కడి పాముల విషం ఎక్కువగా లింఫ్ నాళాల గుండా పాకుతుంది, కండరం కదిలితేనే అది ముందుకెళ్తుంది. అందుకే ఒత్తిడి, కదలకపోవడం. ఇది ఆస్ట్రేలియా పాములకు చెప్పిన పద్ధతి, మన ఊరి రక్తపింజరికి ఇలా కట్టమని ఇంటికి ఫోన్ చేసి చెప్పకండి.

ప్రమాదంలో 000కు ఫోన్ చేయాలి. మీ సిమ్‌కు సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీ టవర్ అందితే ఆ కాల్ వెళ్తుంది. ఎమర్జెన్సీ ప్లస్ యాప్ అందరి ఫోన్లలో ముందే వేయించండి, మీరున్న చోటు అక్షాంశ రేఖాంశాలతో చూపిస్తుంది. అత్యవసర బీకన్‌ను (ఫోన్ సిగ్నల్ లేకపోయినా సాయం కావాలని సంకేతం పంపే పరికరం) న్యూసౌత్‌వేల్స్ పోలీసులు, పార్కుల శాఖ కలిసి ఉచితంగా అరువిస్తారు, వారం ముందే అడిగి తెచ్చుకోండి. ఎవరెవరు వెళ్తున్నారు, ఏ దారి, ఎన్నింటికి తిరిగొస్తారు అన్న కాగితం ఇంట్లో ఉండే ఒకరికి ఇచ్చి, రాత్రి 8 దాకా ఫోన్ రాకపోతే పోలీసులకు చెప్పమనండి.

ఇండియా నుంచి వచ్చినవారికి ఇంకో జాగ్రత్త. ఈ రాష్ట్రంలో అంబులెన్స్ ఉచితం కాదు, హెలికాప్టరైతే బిల్లు చాలా పెద్దది. వారి ట్రావెల్ ఇన్సూరెన్స్ పాలసీ నంబరు, మందుల పేర్లు కాగితంమీద రాసి జేబులో పెట్టండి. ఇన్సులిన్ గానీ గ్లైమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవారు భోజనం ఆలస్యమైతే షుగర్ పడిపోయి తూలుతారు. వారి దగ్గర గ్లూకోజ్ బిళ్లలు ఉండాలి, పక్కన నడిచేవారికి ఆ సంగతి తెలిసుండాలి.

రద్దు చేయాల్సిన రోజులు ముందే మాట్లాడుకోండి, ఆ ఉదయం జెట్టీ దగ్గర వాదన పెట్టుకోకుండా. ఈ ప్రాంతంలో అక్టోబర్ 1 నుంచి కార్చిచ్చుల కాలం. పడమటి గాలి వీస్తే ఒక్కరోజులోనే ఉష్ణోగ్రత 35 దాటుతుంది. టోటల్ ఫైర్ బ్యాన్ (ఆరుబయట నిప్పు పెట్టకూడదనే నిషేధం) ప్రకటించిన రోజు, పార్కు సైట్‌లో ట్రాక్ మూసేశారని కనబడిన రోజు, 32 డిగ్రీలు దాటుతుందని సూచన ఉన్న రోజు వెళ్లకండి. గట్టి గాలి ఉంటే కొండచరియల మీద పిల్లలతో నడవడం కుదరదు. చిన్న తుప్పరైతే ఫర్వాలేదు, కానీ తడిసిన ఇసుకరాయిమీద పచ్చటి నాచు ఉన్న చోట కాలు పెట్టొద్దు.

మీలో నలుగురైదుగురు యువకులకు మొత్తం 26 కిలోమీటర్లు నడవాలని ఉంటే దాన్ని ఇంకో రోజు పెట్టుకోండి. ఈ గుంపును వదిలి వాళ్లు ముందుకెళ్లిపోతే చివర నడవడానికి, బరువు మోయడానికి మనుషులు మిగలరు. ఆ రోజు ఆట్‌ఫర్డ్ నుంచి రైళ్లు ఎప్పుడెప్పుడున్నాయో చూసుకుని, తలకు ఒక హెడ్‌టార్చి పెట్టుకుని, మధ్యాహ్నం రెండు గంటల్లోగా గేరీ దాటకపోతే గేరీ దగ్గరే ఆపేసి కారు పిలిపించుకోవాలి. గేరీ గేటు రాత్రి 8:30కి మూసేస్తారు కాబట్టి కారు తెచ్చే మనిషికి ముందే చెప్పి ఉంచాలి.

మార్లీ నడక నుంచి ఇంటికొచ్చాక స్నానం చేసేటప్పుడు పిల్లల చెవుల వెనక, జుట్టు మొదళ్లలో, చంకల్లో, నడుము పట్టీ కింద పేలు లాంటి టిక్ పట్టుకుందేమో వెతకండి. కనబడితే గోళ్లతో గిల్లి లాగకండి, నొక్కితే దాని విషం ఒంట్లోకి ఎక్కుతుంది. మందుల షాపులో టిక్‌ను అక్కడికక్కడే గడ్డకట్టించి చంపే స్ప్రే దొరుకుతుంది, ముందే కొని ఇంట్లో పెట్టుకోండి. అది కొట్టి, చచ్చి దానంతటది రాలేదాకా వదిలేయండి.